విడిభాగాలుగా వెబ్‌సైట్: ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సర్‌కు ఒక పని పద్ధతి

లాంచ్ రోజున ఎవరి సైటైనా బాగానే కనిపిస్తుంది. అసలు సంగతి ఏడెనిమిది నెలల తర్వాత బయటపడుతుంది. క్లయింట్ ఫోన్ చేసి "హోమ్ పేజీలో ఆ బటన్ కొంచెం పెద్దది చేయండి" అంటారు. అప్పటికి మీరు వేరే ప్రాజెక్టుల్లో తలమునకలై ఉంటారు. ఫైలు తెరిచి ఒక లైను మారుస్తారు, బటన్ పెరుగుతుంది. దాంతోపాటు కాంటాక్ట్ ఫారంలో ఉన్న బటన్ కూడా పెరిగి, ఫోన్‌లో స్క్రీన్ అంచు దాటిపోతుంది. ఆ సంగతి మీకు కనపడదు. క్లయింట్ దగ్గరికి వచ్చే కస్టమర్లకు కనపడుతుంది.

టీమ్‌లో అయితే మీ కోడ్‌ను ఇంకొకరు చూస్తారు, టెస్ట్ చేయడానికి మరొకరు ఉంటారు. ఫ్రీలాన్సర్‌కు రెండూ తానే. కాబట్టి జాగ్రత్తంతా కోడ్ అమరికలోనే ఉండాలి. ఒక భాగాన్ని ముట్టుకుంటే ఆ భాగమే కదలాలి, పక్కది కదలకూడదు.

మాడ్యులర్, అంటే విడిభాగాలుగా కట్టడం, అనగానే చాలామంది మళ్లీ మళ్లీ వాడుకోవడం గురించి చెబుతారు. చిన్న సైట్లలో సగం భాగాలు ఒక్కచోటే వస్తాయి, వాటిని మళ్లీ వాడేదేముంది? నేను చూసేది వేరే: ఈ భాగాన్ని రేపు తీసేయాల్సి వస్తే ఎంత తేలిగ్గా తీసేయగలను? దాని ఫోల్డర్ డిలీట్ చేసి, దాన్ని పిలిచిన చోట ఆ పిలుపు (దాన్ని పేజీలోకి తెచ్చే లైను) తీసేస్తే మిగతా సైట్ ఎప్పటిలా నడవాలి. తేలిగ్గా తీసేయగలిగేదాన్ని తేలిగ్గా మార్చనూవచ్చు, కావాలంటే ఇంకోచోట వాడుకోనూవచ్చు. కింద చెప్పే పద్ధతంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1. కోడ్ కంటే ముందు అసలు కంటెంట్ తెప్పించుకోండి

డమ్మీ టెక్స్ట్‌తో డిజైన్ చేస్తే ప్రతి శీర్షికా సరిగ్గా ఒకే లైన్‌లో సర్దుకుంటుంది. అసలు కంటెంట్ వచ్చేసరికి ఒకరి హోదా మూడు లైన్లు, ఇంకొకరికి ఫోటోనే ఉండదు. అందుకే మొదటి వారంలోనే అసలు మాటలు, అసలు ఫోటోలు అడగండి. అన్నీ ఇవ్వలేమంటే కనీసం రెండైనా ఇమ్మనండి: అన్నిటికంటే పొడవైనది, అన్నిటికంటే పొట్టిది. ఆ రెంటికీ పట్టే పెట్టెలో మధ్యవన్నీ పడతాయి.

తర్వాత పేజీల లిస్టు రాసుకోండి. ఒక్కో పేజీని కాగితం మీద గీసి, రెండు చోట్ల కనిపించే ప్రతిదాని చుట్టూ ఒకే రంగు పెన్నుతో గీత గీయండి. హెడర్, ఫుటర్, బటన్, కార్డ్, ఫారం, ఫోటోల వరుస ఇలా ఒక్కోటీ తేలుతాయి. ప్రతిదానికీ అప్పుడే పేరు పెట్టండి. క్లయింట్‌తో మాట్లాడేటప్పుడు, ఫోల్డర్‌కు, క్లాస్‌కు, ఇన్‌వాయిస్‌లో అదే పేరు వాడండి.

ఇక్కడ ఒక చిక్కుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నవన్నీ ఒకటే భాగం అనుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు. వార్తల కార్డ్, ప్రొడక్ట్ కార్డ్ ఇవాళ అచ్చం ఒకేలా ఉండొచ్చు. రేపు వార్తకు తేదీ, రాసినవారి పేరు కావాలంటారు. ప్రొడక్ట్‌కు ధర, స్టాక్ ఉందా లేదా అనే గుర్తు కావాలంటారు. రెంటినీ ఒకే భాగంగా చేసి ఉంటే దానిలోకి ఒక్కో షరతూ చేరుతూ పోతుంది: ఇది ప్రొడక్ట్ అయితే ధర చూపించు, వార్త అయితే దాచు, హోమ్ పేజీలో అయితే తేదీ వద్దు. కొన్నాళ్లకు ఆ ఫైల్ తెరవాలంటేనే టెన్షన్. అందుకే నేను వేసుకునే ప్రశ్న "ఇవి ఒకేలా ఉన్నాయా" అని కాకుండా "ఇవి ఒకే కారణంతో మారతాయా" అని ఉంటుంది. అనుమానంగా ఉంటే రెండుగానే ఉంచండి. ఒకే కోడ్ రెండుచోట్ల ఉండటం పెద్ద నేరమేమీ కాదు. మూడోది కూడా వచ్చి, మూడూ కలిసే మారుతున్నాయని తేలాక కలపండి. విడిగా ఉన్నవాటిని కలపడం ఒక మధ్యాహ్నం పని. కలిసిపోయినవాటిని విడదీయడానికి మాత్రం రోజులు పడుతుంది.

ఈ లిస్టు వల్ల డబ్బు విషయంలోనూ లాభం ఉంది. కొటేషన్‌ను పేజీల లెక్కన కాకుండా భాగాల లెక్కన వేయండి. "ఇంకో చిన్న పేజీ కలపండి" అని క్లయింట్ అడిగినప్పుడు ఆ పేజీ ఉన్న భాగాలతోనే తయారవుతుందా, కొత్తది కట్టాలా అన్నది లిస్టు చూస్తే ఇద్దరికీ అర్థమవుతుంది. మొదటిదైతే గంటలో పని. రెండోదైతే దానికి వేరే లెక్క. మొహమాటపడే పని ఉండదు.

2. పనికి తగిన సాధనం

దీని మీద గంటల తరబడి వాదించుకునేవాళ్లున్నారు, నేను క్లుప్తంగా చెబుతాను. ఐదారు పేజీల సమాచారం ఉన్న సైట్‌కు రియాక్ట్ లాంటి జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌లు అవసరం లేదు. ఎలెవెంటీ, హ్యూగో, ఆస్ట్రో లాంటి స్టాటిక్ సైట్ జనరేటర్ చాలు. హెడర్ ఒకచోట రాస్తే బిల్డ్ చేసినప్పుడు అన్ని పేజీల్లోకీ వెళ్తుంది, బ్రౌజర్‌కు చేరేది మామూలు హెచ్‌టీఎంఎల్. క్లయింటే రోజూ కంటెంట్ మార్చుకుంటారంటే 2003 నుంచీ ఉన్న వర్డ్‌ప్రెస్ ఇప్పటికీ మంచి ఎంపికే. దానిలో పని తెలిసినవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. మీ తర్వాత ఆ సైట్‌ను చూసుకునేది ఎవరో కదా. లాగిన్లు, క్షణక్షణం మారే సమాచారం ఉన్న అప్లికేషన్ అయితే అప్పుడు ఫ్రేమ్‌వర్క్ గురించి ఆలోచించండి.

ఒక ప్యాకేజీ (ఇంకొకరు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) వేసుకునే ముందు దాని పని మీరే ఇరవై లైన్లలో రాయగలరా అని చూసుకోండి. వేసుకున్న ప్రతి ప్యాకేజీకీ తర్వాత అప్‌డేట్ల బాధ్యత మీదే. పైగా ఆ అప్‌డేట్లకు ఎవరూ డబ్బివ్వరు.

3. ఒక భాగం, ఒక ఫోల్డర్

రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్ అంతా ఒక ఫోల్డర్లో, జావాస్క్రిప్ట్ అంతా ఇంకో ఫోల్డర్లో, టెంప్లేట్లు వేరే ఫోల్డర్లో పెట్టే అలవాటు చాలామందికి ఉంది. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. కానీ ఒక కార్డ్‌ను తీసేయాలంటే మూడు చోట్ల వెతకాలి, ఒకచోట తప్పకుండా మర్చిపోతారు. ఏ ప్రాజెక్ట్ చూసినా ఎవరూ వాడని సీఎస్‌ఎస్ గుట్టలుగా పడి ఉండటానికి ముఖ్య కారణం ఇదే. తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

కార్డ్ పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి, దాని టెంప్లేట్, స్టైల్, స్క్రిప్ట్ మూడూ అందులోనే ఉంచండి. సైట్ మొత్తానికి సంబంధించినవి, అంటే రంగులు, ఫాంట్లు, రీసెట్ (బ్రౌజర్ సొంత స్టైళ్లను తుడిచేది) లాంటివి, బేస్ అనే ఒకే ఫోల్డర్లో ఉండాలి. పేజీ చట్రాలు లేఅవుట్ ఫోల్డర్లో. మామూలు సైట్‌కు ఈ మూడు రకాలు చాలు. నాలుగో ఫోల్డర్‌గా "కామన్" అనో "మిసిలేనియస్" అనో ఒకటి మొదలవుతోందంటే జాగ్రత్తపడండి. పేరు తేలని ప్రతిదీ అక్కడికే చేరుతుంది.

ఫైల్ పేర్లలో న్యూ, ఫైనల్, ఫైనల్2 అనే మాటలు కనిపించకూడదు. పాత రూపాలను గుర్తుపెట్టుకోవడానికి గిట్ ఉంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నల్ పని కోసం రాసిన సాధనమే అయినా, ఒక్కరే పనిచేసే ప్రాజెక్ట్‌కు కూడా మొదటి రోజు నుంచే అవసరం. ఒక కమిట్‌లో, అంటే గిట్‌లో ఒకసారి భద్రపరిచేదానిలో, ఒకే మార్పు ఉంచండి. క్లయింట్ మనసు మార్చుకుని "పాతదే బాగుంది" అన్నప్పుడు ఆ ఒక్క కమిట్‌ను వెనక్కి తిప్పితే సరిపోతుంది.

4. ముందు హెచ్‌టీఎంఎల్ ఒక్కటే రాయండి

స్టైల్ ఏమీ లేకుండా పేజీని బ్రౌజర్లో తెరవండి. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాల్లా ఉంటుంది. దాన్ని పైనుంచి కిందికి చదివితే అర్థమవుతోందా? శీర్షికల స్థాయిలు వరుసగా ఉన్నాయా, లేక అక్షరాలు చిన్నగా కనిపించాలని హెచ్2 ఉండాల్సిన చోట హెచ్4 పెట్టారా? సైజు సీఎస్‌ఎస్ చూసుకుంటుంది, స్థాయి మాత్రం అర్థాన్ని బట్టి ఉండాలి.

హెడర్, నావ్, మెయిన్, ఆర్టికల్, ఫుటర్ ట్యాగులు ఉన్నదే భాగాలుగా విడదీయడానికి. వాటిని వదిలేసి అన్నిటికీ డివ్ (ఏ అర్థమూ చెప్పని ఉత్త పెట్టె) వాడితే ఆ తర్వాత చాలా పని మీద పడుతుంది. బటన్‌నే తీసుకోండి. డివ్‌ను బటన్‌లా రంగు వేసి, క్లిక్ చేస్తే పనిచేసేలా చేయొచ్చు. కానీ కీబోర్డ్‌లో ట్యాబ్ నొక్కితే ఫోకస్ దాని మీదికి రాదు, ఎంటర్ గానీ స్పేస్ గానీ పనిచేయవు, చూపులేనివాళ్లకు పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. ఇవన్నీ మీరు చేత్తో కలపాలి. బటన్ ట్యాగ్ రాస్తే అన్నీ ఉచితంగా వస్తాయి. గుర్తు పెట్టుకోవడానికి తేలిక: ఇంకో చోటికి తీసుకెళ్లేది లింక్, ఇక్కడే ఏదో చేసేది బటన్.

ఫారంలో ప్రతి గడికీ లేబుల్ ఉండాలి. గడి లోపల లేత రంగులో కనిపించే ప్లేస్‌హోల్డర్ లేబుల్ కాదు, టైప్ చేయగానే అది మాయమవుతుంది. పేజీ ఏ భాషలో ఉందో పైనున్న హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో రాయడం మర్చిపోకండి. స్క్రీన్ రీడర్ ఏ ఉచ్చారణతో చదవాలో దాన్ని బట్టే నిర్ణయించుకుంటుంది.

5. రంగులు, కొలతలు ఒకేచోట

సీఎస్‌ఎస్ వేరియబుల్స్‌ను రెండు వరుసల్లో రాసుకోండి. మొదటి వరుసలో ఉన్న రంగులు: ముదురు నీలం, లేత బూడిద, ఎరుపు. రెండో వరుసలో వాటి పాత్రలు: ముఖ్య బటన్ రంగు, నేపథ్యం, హెచ్చరిక. భాగాల కోడ్‌లో రెండో వరుస పేర్లే వాడాలి. ఇదెందుకంటే, క్లయింట్ లోగో మార్చి ఆకుపచ్చకు వెళ్లినప్పుడు మీ ఫైల్‌లో నీలం అనే వేరియబుల్‌కు ఆకుపచ్చ విలువ ఉంటే తర్వాత చూసేవాళ్లు తల పట్టుకుంటారు. పాత్ర పేరుకు ఆ బాధ లేదు.

ఖాళీల కోసం 4, 8, 16, 24, 32, 48, 64 పిక్సెళ్ల లాంటి ఒక మెట్ల వరుస పెట్టుకుని దాన్ని దాటకండి. 17, 23 లాంటి అంకెలు కోడ్‌లో కనిపిస్తే ఎవరో కంటితో చూసి సర్దారని అర్థం.

రంగులు ఖాయం చేసేటప్పుడే కాంట్రాస్ట్ (రెండు రంగుల మధ్య వెలుగు తేడా) చూసుకోండి. వైకల్యం ఉన్నవాళ్లూ సైట్‌ను వాడగలిగేలా పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం ఏఏ స్థాయిలో మామూలు అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. లేత బూడిద అక్షరాలు డిజైన్ ఫైల్‌లో ఎంత అందంగా ఉన్నా ఎండలో ఫోన్ చూసేవాళ్లకు కనిపించవు. క్లయింట్ రంగు ఈ కొలతకు రాకపోతే ఆ రంగును అలంకరణకు వాడి, అక్షరాలకు దాని ముదురు రూపం తీసుకోండి. సాధారణంగా ఎవరూ కాదనరు.

6. ఒక కార్డ్‌ను కట్టి చూద్దాం

పైన ఫోటో, దాని కింద శీర్షిక, రెండు లైన్ల వివరణ, చివర ఒక లింక్. ఇంతే కార్డ్ అంటే. ఈ పద్ధతి పనిచేస్తుందో లేదో ఇక్కడే తేలుతుంది.

పేర్లకు బెమ్ పద్ధతి ఇప్పటికీ నాకు నచ్చుతుంది. బ్లాక్, ఎలిమెంట్, మాడిఫయర్ అనే మాటల మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారు, యాండెక్స్ కంపెనీలో పుట్టింది. కార్డ్ బ్లాక్. దాని శీర్షిక క్లాస్ పేరులో ముందు కార్డ్, తర్వాత రెండు అండర్‌స్కోర్లు, ఆపైన టైటిల్. ప్రత్యేకంగా కనిపించాల్సిన కార్డ్‌కు రెండు హైఫన్లు పెట్టి ఫీచర్డ్. చూడ్డానికి అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. కానీ ప్రాజెక్ట్ అంతటా ఆ పేరు వెతికితే సరిగ్గా ఆ భాగానికి చెందినవే దొరుకుతాయి. టైటిల్ అని మాత్రమే పెట్టి వెతకండి, ఎన్ని వస్తాయో.

ఏ ఎలిమెంట్‌కు స్టైల్ వేయాలో చెప్పే సెలెక్టర్‌లో ఒక్క క్లాస్ చాలు. "సైడ్‌బార్‌లో ఉన్న కార్డ్ లోపలి హెచ్3" లాంటి గొలుసులు రాస్తే, దాన్ని దాటడానికి ఇంకా పొడవైన గొలుసు కావాలి, చివరికి మిగతా రూల్స్‌ను పక్కకు తోసేసే ఇంపార్టెంట్ (!important) అనే గుర్తు దాకా వెళ్తారు. అక్కణ్నుంచి వెనక్కి రావడం కష్టం.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా పట్టుకునే నియమం: ఏ భాగమూ తన బయటి మార్జిన్‌ను తానే పెట్టుకోకూడదు. తన వెడల్పును కూడా తాను నిర్ణయించుకోకూడదు. కార్డ్‌కు కింద 32 పిక్సెళ్ల మార్జిన్ రాశారనుకోండి. లిస్టులో బాగుంటుంది. అదే కార్డ్‌ను గ్రిడ్‌లో (అడ్డం, నిలువు గళ్ల అమరికలో) పెట్టగానే గ్రిడ్ గ్యాప్‌కు ఈ 32 కూడా తోడై వరుసల మధ్య పెద్ద ఖాళీ వస్తుంది. అప్పుడు "గ్రిడ్‌లో ఉన్న కార్డ్‌కు మార్జిన్ సున్నా" అని ఇంకో రూల్ రాస్తారు. చివరి కార్డ్ కింద ఖాళీ వద్దని మరొకటి. కార్డ్‌కు గ్రిడ్ గురించి, గ్రిడ్‌కు కార్డ్ గురించి తెలిసిపోయింది, ఇక ఒకదాన్ని వదిలి ఇంకొకటి ఉండలేదు. అద్దెకున్నవాళ్లు ఇంటి లోపల సామాను ఎలాగైనా సర్దుకుంటారు, రెండిళ్ల మధ్య సందు ఎంతుండాలో మాత్రం వాళ్ల చేతిలో ఉండదు కదా. అలాగే లోపలి ప్యాడింగ్ కార్డ్‌ది, కార్డుల మధ్య దూరం వాటిని పట్టుకున్న లేఅవుట్‌ది. గ్రిడ్‌లోనూ ఫ్లెక్స్‌లోనూ గ్యాప్ ప్రాపర్టీ అన్ని పెద్ద బ్రౌజర్లలో పనిచేస్తోంది కాబట్టి ఇప్పుడు మార్జిన్‌తో కుస్తీ పట్టాల్సిన పనే లేదు.

రెస్పాన్సివ్ (స్క్రీన్ సైజును బట్టి సర్దుకోవడం) విషయంలోనూ ఇదే వరస. మీడియా క్వెరీ మొత్తం స్క్రీన్ వెడల్పును చూస్తుంది. పెద్ద స్క్రీన్ మీదే అయినా కార్డ్ సన్నటి సైడ్‌బార్‌లో ఉండొచ్చు. అప్పుడు ఫోటో పక్కన టెక్స్ట్ పెట్టే అమరిక అక్కడ ఇరుక్కుపోతుంది. 2023 ఫిబ్రవరికల్లా పెద్ద బ్రౌజర్లన్నిటికీ వచ్చిన కంటైనర్ క్వెరీలు దీనికి సరైన మందు. తనకు దొరికిన చోటు ఎంతో చూసుకుని కార్డ్ తనంతట తాను అమరిక మార్చుకుంటుంది. ఒక్క మెలిక: కంటైనర్ అని ప్రకటించిన ఎలిమెంట్‌కు దాని సొంత క్వెరీ వర్తించదు, దాని లోపల ఉన్నవాటికే వర్తిస్తుంది. అందుకే బయట ఒక చుట్టు పెట్టెను కంటైనర్‌గా ప్రకటించి, అసలు కార్డ్‌ను లోపల ఉంచాలి. మొదటిసారి వాడేవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే ఆగిపోతారు.

కార్డ్ అయిపోయింది అనుకున్నాక దాన్ని కాస్త ఏడిపించండి. శీర్షికను నాలుగు లైన్లు చేయండి. ఫోటో తీసేయండి. నిలువు ఫోటో పెట్టండి. ఖాళీ లేని పొడవైన వెబ్ అడ్రస్‌ను వివరణలో అతికించండి. అది పెట్టె దాటి బయటికి వస్తే ఓవర్‌ఫ్లో-ర్యాప్ కావాలి, ఫ్లెక్స్ లోపల ఉంటే మిన్-విడ్త్ సున్నా కూడా కావాలి. మూడు కార్డుల వరుసలో ఒక్కటే మిగిలితే ఎలా ఉంటుంది? అసలు ఒక్కటీ లేకపోతే? ఆ ఖాళీ చోట ఏం చూపించాలో డిజైన్‌లో ఎవరూ గీసి ఉండరు, మీరే అడగాలి.

తెలుగు సైట్ అయితే ఇంకోటి కూడా చూడాలి. ఇంగ్లిష్ శీర్షికల కోసం రాసిన లైన్-హైట్ 1.1 తెలుగుకు చాలదు. కింద ఉన్న ఒత్తులు తర్వాతి లైన్‌లోని గుడులకు తగులుతాయి, ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్న చోట ఒత్తు సగానికి తెగిపోతుంది. "శాస్త్ర", "స్త్రీ" లాంటి మాటలు వచ్చే శీర్షిక పెట్టి చూస్తే వెంటనే దొరికిపోతుంది. శీర్షికలకు 1.4, మామూలు టెక్స్ట్‌కు 1.7 దగ్గర మొదలుపెట్టి ఫాంట్‌ను బట్టి సర్దుకోండి. ఈ విలువలు కూడా వేరియబుల్స్‌లోనే ఉండాలి.

7. జావాస్క్రిప్ట్: తక్కువ, తన పరిధిలో

ముందుగా బ్రౌజర్ దగ్గర ఏముందో చూడండి. నొక్కితే తెరుచుకునే ప్రశ్నలు, జవాబుల వరుసకు డీటెయిల్స్ ట్యాగ్ ఉంది. పాప్‌అప్‌కు డైలాగ్ ట్యాగ్ 2022 నుంచి అన్ని పెద్ద బ్రౌజర్లలో ఉంది. మోడల్ (modal) పద్ధతిలో, అంటే వెనక పేజీని ఆపి ముందుకొచ్చేలా తెరిస్తే ఎస్కేప్ నొక్కగానే మూసుకోవడం, వెనక ఉన్న పేజీ క్లిక్‌లకు అందకుండా పోవడం అదే చూసుకుంటుంది.

మీరే రాయాల్సి వస్తే, ప్రతి స్క్రిప్ట్ ముందుగా తన భాగం పేజీలో ఉందా అని చూడాలి, లేకపోతే చడీచప్పుడు లేకుండా ఆగిపోవాలి. కారుసెల్ (ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి తిరిగే భాగం) లేని పేజీలో కారుసెల్ స్క్రిప్ట్ ఎర్రర్ ఇచ్చి, అదే ఫైల్‌లో దాని తర్వాతున్న ఫారం చెకింగ్‌ను కూడా ఆపేయడం చాలా సైట్లలో కనిపించే జబ్బు. రెండో సంగతి, వెతికేటప్పుడు మొత్తం డాక్యుమెంట్‌లో వెతక్కుండా ఆ భాగం లోపలే వెతకాలి. రెండు ట్యాబ్ భాగాలు ఒకే పేజీలో పెట్టి, పైదాన్ని నొక్కితే కిందది మారుతోందా చూడండి. మారితే మీ కోడ్ డాక్యుమెంట్ అంతా తిరుగుతోందన్నమాట.

స్క్రిప్ట్ పట్టుకునే కొక్కెం స్టైల్ క్లాస్ అయి ఉండకూడదు. డేటా అట్రిబ్యూట్ పెట్టండి. ఎవరో అందం కోసం క్లాస్ పేరు మార్చినా మెనూ తెరుచుకోవడం ఆగదు. ఫైళ్లను మాడ్యూల్ టైప్‌తో పిలిస్తే ఒకదాని వేరియబుల్స్ ఇంకోదానిలోకి కారవు, హెచ్‌టీఎంఎల్ చదవడం పూర్తయ్యాకే నడుస్తాయి కూడా.

8. భాగాలన్నీ ఒకే పేజీలో

సైట్‌లో ఎవరికీ కనపడని ఒక పేజీ పెట్టుకుని, ప్రతి భాగాన్నీ దాని అన్ని రూపాల్లో అక్కడ పేర్చండి: మామూలు బటన్, ఫోకస్‌లో ఉన్న బటన్, పనిచేయని బటన్, తప్పు చూపిస్తున్న ఫారం, ఫోటో లేని కార్డ్. స్టోరీబుక్ లాంటి సాధనాలు ఇందుకే ఉన్నాయి, అయితే చిన్న సైట్‌కు మామూలు పేజీ చాలు. ఏదైనా మార్చాక ఈ ఒక్క పేజీని పైనుంచి కిందికి చూస్తే ఏం కదిలిందో తెలిసిపోతుంది. కీబోర్డ్ ఒక్కదానితో ఈ పేజీ అంతా తిరిగి రండి, మౌస్ ముట్టుకోకుండా.

భాగాలను తీసేసి చూసే పరీక్ష కూడా ఈ దశలోనే పెట్టండి. కొత్త బ్రాంచ్‌లో ఏదో ఒక భాగం ఫోల్డర్ డిలీట్ చేసి, పిలుపు తీసేసి, బిల్డ్ చేయండి. వేరే భాగం రూపు మారితే రెండూ ఎక్కడో ముడిపడి ఉన్నాయి. ఎక్కువగా ఆ ముడి ఫోల్డర్లో కాకుండా ఎవరో తొందరలో రాసిన గ్లోబల్ స్టైల్‌లో దొరుకుతుంది.

9. వేగం

గూగుల్ చెప్పే కోర్ వెబ్ వైటల్స్ కొలతలు మూడు. ముఖ్యమైన కంటెంట్ 2.5 సెకన్ల లోపు కనిపించాలి. నొక్కినదానికి 200 మిల్లీసెకన్ల లోపు స్పందన రావాలి. పేజీ లోడ్ అవుతూ అటూ ఇటూ జరగడాన్ని కొలిచే స్కోరు 0.1 దాటకూడదు. స్పందన కొలత అయిన ఐఎన్‌పీ (ఇంటరాక్షన్ టు నెక్స్ట్ పెయింట్) 2024 మార్చిలో పాత ఎఫ్‌ఐడీ (ఫస్ట్ ఇన్‌పుట్ డిలే) స్థానంలోకి వచ్చింది.

భాగాలుగా కట్టిన సైట్‌లో వీటిని ఒక్కసారి సరిచేస్తే చాలు. ఫోటో భాగంలో వెడల్పు, ఎత్తు అట్రిబ్యూట్లు తప్పనిసరి చేయండి, బ్రౌజర్ ముందే చోటు కేటాయిస్తుంది, టెక్స్ట్ కిందికి దూకదు. కింద ఉన్న ఫోటోలకు లేజీ లోడింగ్ (స్క్రోల్ చేస్తూ దగ్గరికి వచ్చాకే ఫోటో లోడ్ అవడం) పెట్టండి. పైన కనిపించే పెద్ద ఫోటోకు మాత్రం పెట్టకండి, అన్నిటికంటే ముందు రావాల్సింది అదే. ఫాంట్లు వాఫ్2 ఫార్మాట్‌లో, నిజంగా వాడే బరువులే (అక్షరాల మందాలు).

ఇంత చేసినా చాట్ విడ్జెట్ ఒకటి, ట్రాకింగ్ స్క్రిప్టులు ఓ నాలుగు వచ్చి కూర్చుంటే పని మొదటికొస్తుంది. వాటిని కూడా ఒక్కోటీ ఒక భాగంగానే పెట్టండి. ఒకదాన్ని తీసేసి, ఉన్నప్పటి కొలత, లేనప్పటి కొలత పక్కపక్కన పెట్టి క్లయింట్‌కు చూపిస్తే, ఉంచాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకుంటారు.

10. అప్పగించేటప్పుడు

డొమైన్, హోస్టింగ్ క్లయింట్ పేరు మీదే, వాళ్ల ఈమెయిల్‌తోనే ఉండాలి. మీకు యాక్సెస్ ఇస్తే చాలు. పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (బయటి సర్వీసులను వాడే రహస్య కోడ్‌లు) గిట్ రిపోజిటరీలోకి ఎప్పుడూ వెళ్లకూడదు. ఒకసారి కమిట్ అయిన కీని ఫైల్ నుంచి తీసేసినా పాత చరిత్రలో ఉండిపోతుంది. అలా జరిగితే కీనే రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.

రీడ్‌మీ ఫైల్ ఒక పేజీ దాటక్కర్లేదు. సైట్‌ను కంప్యూటర్‌లో ఎలా నడపాలి, ఎలా లైవ్ చేయాలి, రంగులు ఎక్కడ మారతాయి, కొత్త భాగం ఎలా కలపాలి. వింతగా కనిపించే కోడ్ ఏదైనా ఉంటే అలా ఎందుకుందో అక్కడే ఒక కామెంట్. ఏం చేస్తుందో కోడ్ చూస్తే తెలుస్తుంది, ఎందుకలా చేశారో తెలియదు.

ఇంకొకరు కట్టిన సైట్ మీ చేతికొస్తే

ఫ్రీలాన్సర్లకు కొత్త సైట్ల కంటే ఇవే ఎక్కువ వస్తాయి. సీఎస్‌ఎస్ ఫైల్ ఐదారు వేల లైన్లు, ఎవరు ఎందుకు రాశారో తెలియదు. మొత్తం పడగొట్టి మళ్లీ కడతానని మాటివ్వకండి. పాత సైట్‌లో కంటికి కనపడని పనులు చాలా దాగి ఉంటాయి, అవన్నీ మీ ఖర్చులోకి వస్తాయి.

దీనికి క్యాస్కేడ్ లేయర్లు (సీఎస్‌ఎస్‌ను ఒకదాని తర్వాత ఒకటిగా పెట్టే పొరలు) బాగా పనికొస్తాయి. 2022 నుంచి అన్ని పెద్ద బ్రౌజర్లలో ఉన్నాయి. పాత ఫైల్ మొత్తాన్ని, దానిలో ఒక్క అక్షరం మార్చకుండా, లెగసీ అనే లేయర్‌లోకి ఇంపోర్ట్ చేయండి. మీ కొత్త భాగాలను దాని తర్వాతి లేయర్లో పెట్టండి. పాత సెలెక్టర్ ఎంత పొడవున్నా సరే, మీ ఒక్క క్లాస్ దాన్ని గెలుస్తుంది, ఎందుకంటే ముందు లేయర్ వరస చూసి ఆ తర్వాతే సెలెక్టర్ బలం లెక్కపెడతారు. అయితే పాత ఫైల్‌ను లేయర్ బయట వదిలేసి కొత్తది మాత్రం లేయర్లో పెడితే ఫలితం తలకిందులవుతుంది. లేయర్ లేని స్టైలే గెలుస్తుంది. ఇంపార్టెంట్ గుర్తు ఉన్నవాటికి కూడా వరస తిరగబడుతుంది, ముందు లేయర్‌లోనిదే పైచేయి. కాబట్టి పాత ఫైల్‌లో ఇంపార్టెంట్‌లు ఎన్ని ఉన్నాయో మొదటే వెతికి, మీరు కట్టబోయే భాగానికి తగిలేవాటిని ముందుగా తీసేయండి.

తర్వాత క్లయింట్ ఎప్పుడు ఏ మార్పు అడిగితే ఆ భాగాన్ని మాత్రమే కొత్త పద్ధతిలో కట్టి, దానికి సంబంధించిన పాత రూల్స్‌ను లెగసీ నుంచి తీసేస్తూ వెళ్లండి. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో కవరేజ్ ట్యాబ్ ఉంది, ఆ పేజీలో వాడని సీఎస్‌ఎస్‌ను ఎర్రగా చూపిస్తుంది. కానీ అది చూపించేది మీరు తెరిచిన పేజీకి, మీరు చేసిన క్లిక్‌ల వరకే. మెనూ తెరవకుండా చూస్తే మెనూ స్టైల్ కూడా వాడనిదిగానే కనిపిస్తుంది. ఎర్రగా ఉన్నదల్లా తీసేయకుండా, ఆ క్లాస్ పేరుతో టెంప్లేట్లలోనూ స్క్రిప్టుల్లోనూ వెతికి, ఎక్కడా లేదని చూసుకున్నాకే డిలీట్ చేయండి. ప్రతి డిలీట్‌కూ వేరే కమిట్.